కాఫీపొడి ముడుపు

ఒక ఏడాది మా పూజగదిలో అగరుబత్తి వాసన కంటే కాఫీ వాసనే ఎక్కువగా ఉండేది. మా అత్త గుప్పెడు కాఫీపొడిని పసుపు గుడ్డలో మూటకట్టి మంత్రాలయం స్వామి పటం ముందు ముడుపు పెట్టింది. రూపాయి బిళ్ల కట్టినవాళ్లను చూశాను, బియ్యం కట్టినవాళ్లను చూశాను. కాఫీపొడి కట్టిన మనిషి మా అత్త ఒక్కతే. నెట్‌లో వచ్చే ఒక సీరియల్‌కు రెండో సీజన్ రావాలని ఆమె మొక్కు. వస్తుందని తెలిసేదాకా కాఫీ ముట్టనని స్వామికి మాట ఇచ్చింది.

ఆమెకు అది చిన్న మాట కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నాకు మొదట నేర్పిన పని డికాషన్ తీయడం. పొడి మీద నీళ్లు ఎంత నిదానంగా పోయాలో నా చేయి పట్టుకుని చూపించింది. ఆ పట్టుకున్న తీరు తలచుకుని ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. అలాంటి మనిషి కాఫీ మానేసరికి పొద్దెక్కేలోపల తల పగిలిపోయేది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని, పాత చీర ముక్క బిగించి కట్టుకుని, పలకరించినవాళ్లందరినీ విసుక్కునేది. మేము కాఫీ తాగాలంటే పెరట్లో నీళ్లతొట్టి పక్కకు పోయి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని తాగేవాళ్లం.

మాది ఎర్రగుంట్ల. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పుతారు. నేను బడికి పోలేదు, మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పాడు. ఇంగ్లీషు అక్షరాలు సిమెంటు సంచుల మీద చూపించి నేర్పాడు. ఆ అక్షరాలు తర్వాత ఈ సీరియల్ దగ్గర పనికొస్తాయని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

సీరియల్‌ను మా ఇంటికి తెచ్చినవాడు మా మరిది. కడపలో బండలు పాలిష్ చేసే యూనిట్ నడుపుతాడు. మోకాళ్ల నొప్పులతో వాళ్లమ్మ ఇంట్లోనే ఉండిపోతోందని టీవీలో తన అకౌంట్ పెట్టిపోయాడు. తెలుగులో డబ్బింగ్ చేసిన కథ అది. యాడనో ఆకాశం అవతల, నీళ్లు లేని ఒక లోకం. నేలంతా ఎర్రగా బీటలు వేసి ఉంటుంది. ఒక ముసలామె, ఆమె మనవరాలు నీళ్ల గోతిని కాపలా కాస్తుంటారు. గోతిలో నీళ్లు అడుగంటితే, ఇంకో లోకం నుంచి నీళ్లు తేవడానికి ఆ పిల్ల ఓడ ఎక్కుతుంది. చివరి ఎపిసోడ్‌లో నీళ్లు దొరుకుతాయి, ఓడ వెనక్కి తిరుగుతుంది, దారిలో ఏదో తగిలి దీపాలన్నీ ఆరిపోతాయి. ముసలామె గోతి గట్టు మీద కూర్చుని ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది. అంతే, పేర్లు పడతాయి.

మొదటి ఎపిసోడ్ చూడగానే మా అత్త, "ఇది ముద్దనూరు అవతల మా పుట్టింటి చేను లెక్కనే ఉండాదే. ఆకాశంలో యాడిదంటారు దీన్ని," అంది. ఇక టీవీ ముందు నుంచి లేవలేదు. మధ్యలో టీవీ ఆగి, 'ఇంకా చూస్తున్నారా?' అని తెర మీద అడిగేది. నేను చదివి చెబితే ఆమె టీవీ వైపు తిరిగి, "చూస్తాండాం నాయనా, యాడికి పోతాం," అని మర్యాదగా జవాబు చెప్పేది. తర్వాత నేను రిమోట్ నొక్కేదాన్ని.

చివరి ఎపిసోడ్ అయిపోయాక ఆమె బెంగ ఒకటే. ఆ పిల్ల ఇల్లు చేరిందా, లేదా?

ఒక ఆదివారం మరిది వచ్చాడు. కర్నూలు నుంచి మా తమ్ముడూ వచ్చాడు. వాడు ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇద్దరికీ ఆ సీరియల్ అంటే ప్రాణం. ఫోన్లలో దానికి పెద్ద పెద్ద గ్రూపులున్నాయి, ఇద్దరూ అందులో సభ్యులు. మా అత్త అన్నం వడ్డిస్తూ, "ఏమప్పా, ఆ పిల్ల సంగతి ఎప్పుడు చెప్తారంట?" అని అడిగింది.

"తెల్దు మా. కథకు పేరొచ్చిందని తేలితేనే రెండోది తీస్తారంట," అన్నాడు మరిది.

"పేరు రాకుండా ఎట్ల ఉంటాది? నేను ఇన్నిసార్లు చూసినానే."

"అదే మా, చూసిన గంటలు కూడతారు. జనం ఎన్ని గంటలు చూస్తే అంత పేరు."

మా తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆపాడు. "గంటలు కాదు బావా. మొదలుపెట్టినోళ్లల్లో ఆఖరి దాకా చూసినోళ్లు ఎంతమంది అనేదే లెక్క. సగంలో వదిలేసినోళ్లు వెయ్యి గంటలు చూసినా దండగే."

"అది ఎవురు చెప్పినారప్పా నీకు?"

"మీకు గంటలని ఎవరు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదని కాసేపటికి తేలింది. కంపెనీ ఏ లెక్కా బయటపెట్టలేదట. గ్రూపుల్లో అంతమంది మనుషులు ఒక్క అంకె కూడా చేతిలో లేకుండా నెలల తరబడి కొట్లాడుకుంటున్నారు. మా అత్త ఇదంతా విని తనకు తెలిసిన దారిలో సర్దింది. "బంతిలో కూర్చున్నోళ్లు ఎంత అన్నం తిన్యారని ఈయప్ప అడుగుతాండాడు. ఎందరు విస్తరి ఖాళీ చేసినారని ఆయప్ప అడుగుతాండాడు. వంట బాగుండాదా లేదా అని ఎవురూ అడగడం లేదు." నాకు నవ్వొచ్చింది గానీ గొడవ అంతటితో ఆగలేదు.

మా ఆయన చేయి కడుక్కుంటూ, "ఒక ఇంట్లో ఆరుమంది చూస్తే ఎంతని రాస్తారు?" అన్నారు.

"ఒక్కటే," అన్నాడు తమ్ముడు. "అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు ఒక్కరే చూసినట్టు."

మా అత్త గరిటె గిన్నెలో పెట్టేసింది. "అంటే నేను చూసినదంతా వీని పేరు మీద పాయనా?" అని మరిదిని చూపించింది. "నేను చూసినట్టు యాడా లేదా?"

ఆమెకు తలకొట్టేసినట్టు అయింది. ఏడ్చినంత పని చేసింది. అప్పటికప్పుడు మరిది ఆమెకు విడిగా ఒక ప్రొఫైల్ పెట్టాడు. 'అమ్మ' అని పేరు కొట్టాడు. పక్కన ఒక బొమ్మ పెట్టుకోవాలి. స్వామి బొమ్మ పెట్టమంది, అది కుదరదన్నారు. ఉన్న బొమ్మలన్నీ చూపించమంది. కొమ్ముల మనిషి, ఒంటికన్ను పిల్లి, నాలుక చాపిన కుక్క, ఏదీ నచ్చలేదు. చివరికి ఒక రోబో దగ్గర ఆగింది. దాని నుదుటి మీద మూడు గీతలున్నాయి. "ఈయప్ప బొట్టు పెట్టుకున్యాడు. ఈయప్పను పెట్టు," అంది. ఆ రోజు నుంచి కంపెనీ లెక్కలో మా అత్త ఆ రోబో.

మరుసటి రోజు పొద్దున ముడుపు కట్టింది. "లెక్క ఎట్ల చేస్తారో చదువుకున్న ఇద్దరికీ తెల్దు. తెలిసినాయన ఒకడుండాడు, ఆయన్నే అడిగినా," అంది నాతో. గ్లాసులో మిగిలిన కాఫీ పారబోయమని నా చేతికిచ్చింది. నేను పారబోయలేక తాగేశాను.

కొన్ని వారాలు అలా తలనొప్పితోనే గడిచాయి. ఒక సాయంత్రం ఆమె తలకు కట్టిన గుడ్డ విప్పి, "ఏమ్మే, వానలు రానప్పుడు మనోళ్లు ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఏకాహం చేస్తారు అత్తా."

మా వైపు రామాలయాల్లో ఏకాహం పెడతారు. ఒకసారి భజన ఎత్తుకుంటే మధ్యలో ఆగకూడదు. ఒక జట్టు గొంతు అలిసేసరికి ఇంకో జట్టు వచ్చి కూర్చుంటుంది, తాళం చప్పుడు తెగకముందే అందుకుంటుంది. తెగితే ఫలం పోతుందని భయం.

"వానకు పని చేసేది దీనికి చేయదా?" అంది అత్త. "రేయింబవళ్లు నా వల్ల కాదు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా పెడదాం. కథంతా ఒకే బిగిన ఆడాల. తెగకూడదు."

విచిత్రం ఏమిటంటే, ఇది వినగానే అన్ని వారాలుగా పొసగని ఇద్దరూ కలిసిపోయారు. గంటలు కావాలంటే పగలంతా గంటలే కదా అని మరిది. ఆఖరి దాకా చూడాలంటే ఆఖరి పేరు పడేదాకా ఎవరూ లేవరు కదా అని మా తమ్ముడు. కర్నూలు నుంచి వాడు ముందు రోజే బస్సెక్కి వచ్చేశాడు.

భయమల్లా నెట్‌ది. మా వీధిలో నెట్ వైరు ఎప్పుడూ తెగుతూనే ఉంటుంది. ఎత్తు లోడు లారీ ఒకటి పోయిందంటే దాన్ని లాక్కునే పోతుంది. మధ్యలో తెగితే ఏకాహం చెడినట్టే. మా మరిది దానికీ ఉపాయం చేశాడు. కడపలో ఎవరో స్నేహితుడి దగ్గర సీరియల్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వచ్చాడు. "ఇంగ నెట్ ఉన్నా లేకున్నా ఆగదు మా. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉండాది," అన్నాడు. మా అత్త వాని తల నిమిరింది. మా ఆయన భుజం తట్టారు. మా తమ్ముడు లెక్కల లెక్చరర్ అయ్యుండీ, "మంచి పని చేసినావు బావా," అన్నాడు. నేనైతే ఇలాంటి మరిదిని ఇచ్చినందుకు స్వామికి మనసులోనే దండం పెట్టాను.

పొద్దున సూర్యుడు కనబడగానే టీవీ పక్కన దీపం వెలిగించి, రిమోట్‌కు కుంకుమబొట్టు పెట్టి మొదలుపెట్టాం. వీధిలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూర్చున్నారు. భజనకు వచ్చేవాళ్లే దాదాపు అందరూ. మధ్యలో వచ్చినవాళ్లకు కథ అర్థం కాదు, మా అత్త చెప్పాలి. ఎదురింటి ఖాలా ఓడ ఎగిరే చోట వచ్చింది.

"ఈ పిల్ల యాడికి పోతాంది అక్కా?"

"నీళ్లకు."

"నీళ్లకు ఇంత దూరమా? మన ట్యాంకరు రాదా ఆడికి?"

"ట్యాంకరే ఇది. గమ్మున చూడు."

ఖాలా గమ్మున చూసింది. మేమందరం అన్నాలకు లేస్తే తెర ముందు ఆమె ఒక్కతే వంతు పట్టింది. "నమాజుకు పోవాల, త్వరగా రాండి, నా కాడ తెగితే అక్క నన్ను బతకనీదు," అని వంటింట్లోకి కేకేసింది. ఒక్కో ఎపిసోడ్ అయ్యాక పేర్లు పడుతుంటే, హారతి కాకముందే గుడి నుంచి లేచిపోయేవాళ్లను ఆపినట్టు మా అత్త అందరినీ ఆపేది. "కూర్చోండి, ఇంగా అయిపోలేదు." సిమెంటు సంచుల ఇంగ్లీషుతో ఆ పేర్లు నేను కూడబలుక్కుని పైకి చదివేదాన్ని. లైట్లు పట్టినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, వాళ్లకు వంట చేసినవాళ్లు. చదివిన ప్రతి పేరుకూ మా అత్త తల ఊపేది.

ఆ రోజు లారీలు పోయాయి. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. కథ తెగలేదు. ఎప్పుడూ ఆగి ఆగి 'ఇంకా చూస్తున్నారా?' అని అడిగే టీవీ ఆ రోజు ఒక్కసారి కూడా అడగలేదు. మన భక్తి చూసి టీవీకి కూడా నమ్మకం కుదిరిందని మా అత్త అంది. నేనూ అలాగే అనుకుని కళ్లు తుడుచుకున్నాను.

పొద్దు గూకేసరికి ఓడలో దీపాలు ఆరిపోయాయి, ముసలామె గట్టు మీద కూర్చుంది, పేర్లు పడ్డాయి. కర్పూరం వెలిగించి టీవీకి హారతి ఇచ్చాం. అందరికీ గుగ్గిళ్లు పంచాం. మా అత్త నా తమ్ముణ్ని పిలిచి, "నాయనా, నా రోబో దాంట్లో ఎంత ఎక్కిందో చూపీ," అంది.

తమ్ముడు ప్రొఫైల్ తెరిచాడు. రోబో కింద ఎంతవరకు చూశామో చూపే గీత నెల కిందట ఆమె ఎక్కడ ఆపిందో అక్కడే ఉంది.

వాడు టీవీ వెనక్కి వంగి, గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌ను చూశాడు. "బావా," అన్నాడు నీరసంగా. "దీంట్లో చూసినది వాళ్లకెట్ల తెలుస్తాది?"

మా మరిది నోట్లో గుగ్గిళ్లు అలాగే ఉన్నాయి. నెట్ లేకుండా చూస్తే కంపెనీకి మేం చూసినట్టే తెలియదు. టీవీ అడగకపోవడానికి కారణం కూడా అదే. మమ్మల్ని అడగడానికి ఆ రోజు అవతల ఎవరూ లేరు.

"నువ్వు లెక్కల పంతులువే. నీకన్నా తట్టలేదా?" అన్నాడు మరిది.

"తెగకుండా ఉండాలని మీరే కదా అంటిరి. నేను తెగే సంగతే చూసినా."

మా ఆయన పెరట్లోకి వెళ్లిపోయారు. ఆయన అక్కడ నవ్వుతున్నారని నాకు తెలుసు. మా అత్త మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. తలకు గుడ్డ కట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కాళ్లు పట్టడానికి పోతే, "ఆ పిల్ల కోసం ఒక పూట కూర్చుంటిమి. అది కూడా చేరలేదంటనే," అంది.

తర్వాత కొన్నాళ్లకు కంపెనీ చెప్పేసింది, రెండో సీజన్ లేదని. రెండే వాక్యాలు. ఎందుకు లేదో, ఏ లెక్క చూశారో అందులో లేదు. గంటలు చాలలేదని మరిది, ఆఖరి దాకా చూసినవాళ్లు చాలలేదని తమ్ముడు, ఫోన్లో మళ్లీ మొదలుపెట్టారు. అత్తకు చెప్పే పని నా మీద పడింది. మెల్లగా పక్కన కూర్చుని చెప్పాను.

"ఎవురు చెప్పినారు?" అంది.

"కంపెనీవాళ్లు అత్తా."

"నేను మొక్కింది కంపెనీకి కాదు కదమ్మే."

శొంఠి పట్టు మళ్లీ వేసుకుంది. మా ఆయనకు దిగులు పట్టుకుంది. "రాదని తేలిపోయినదానికి మొక్కుకుంటే, ఈ జన్మలో ఆమెకు కాఫీ లేనట్టేనా?" అని నన్ను అడిగారు. అడ్డం పోయి మొక్కు వదులుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొక్కు అంటే నాకూ భయమే. రెండు రోజులు ఆలోచించి ఆమెతో అన్నాను. "అత్తా, ముడుపు కట్టింది ఎవరికో ఆయన దగ్గరికే తీసుకుపోదాం. నువ్వు చెప్పాల్సింది చెప్పు. ఆయనేమంటాడో నీకే తెలుస్తుంది." ఆమె లేచి పటం ముందు నుంచి పసుపు మూట తీసి తన సంచిలో పెట్టుకుంది.

ఎర్రగుంట్లలో రైలెక్కి మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగాం. మరిది మాతో వచ్చాడు, తమ్ముడు కర్నూలు నుంచి బస్సులో వచ్చి కలిశాడు. తుంగభద్రలో కాళ్లూ ముఖమూ కడుక్కుని, ముందు గ్రామదేవత మంచాలమ్మకు దండం పెట్టుకుని, స్వామి దర్శనానికి లైన్లో నిలబడ్డాం. లైను నిదానంగా కదులుతోంది, మరిదీ తమ్ముడూ మళ్లీ ఆ ఓడ సీరియల్ లెక్కలోకి దిగారు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు మరిది నా తమ్ముడితో. "స్వామికి ఎవురి మీద దయ ఎక్కువ? శానాసేపు నిలబడినోని మీదనా, బిరబిరా పోయి దండం పెట్టి వచ్చినోని మీదనా?"

"దర్శనం అయిందా లేదా అనేదే లెక్క బావా. లైన్లో నుంచి సగంలో లేచిపోయినోడు..."

"ఇద్దరూ గమ్మున నడచండి," అంది మా అత్త, వెనక్కి తిరగకుండానే.

స్వామి సమాధి బృందావనం ముందు ఆమె మూట రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. వెనకవాళ్లు నెడుతున్నా కదల్లేదు. నేను ఆమె నడుము పట్టుకుని నిలబడ్డాను. ఏం చెప్పుకుందో నేను వినలేదు, వినాలనీ అనుకోలేదు. బయటికి వచ్చాక ఒక స్తంభానికి ఆనుకుని, "చెప్పేసినా," అంది. "నాకు చేతనైంది చేసినా, నా లెక్క వాళ్లకు చేరలేదు. ఆ పిల్లను నీకే అప్పజెప్తాండా, ఇల్లు చేర్చే భారం నీదే అని చెప్పినా. ఇంగ ఆ బెంగ నాది కాదు, ఆయనది."

ఆమె ముఖం తేలికపడింది. అంతకంటే గొప్ప దర్శనం నాకేం కావాలి. తర్వాత చేతిలోని మూట చూసుకుని, "మరి దీన్నేం చేయాల?" అంది.

"హుండీలో వేయొద్దు మా, తిడతారు," అన్నాడు మరిది.

మఠం బయట ఒక కాఫీ అంగడి ఉంది. మా అత్త నేరుగా అక్కడికి నడిచి మూట విప్పింది. "ఏమప్పా, ఇది స్వామికి కట్టిన పొడి. ఈడ ఉండేవాళ్లందరికీ కాఫీ చేసి ఇయ్యి, ఎంతవుతుందో నేనిస్తా."

అంగడాయన మూట వాసన చూసి తల వెనక్కి తీసుకున్నాడు. "ఏమ్మా, ఇది కాఫీనా, కర్పూరమా?"

"రెండూను. ఇన్నాళ్లూ దేవుని కాడ ఉండాది."

ఆయన నవ్వాడు. "దుడ్లు వద్దులేమ్మా. పొడి మీది, పాలు నావి. స్వామి పేరు మీద పోనీ."

కాఫీ పసుపు పచ్చగా వచ్చింది. అక్కడున్న భక్తులందరూ ప్రసాదమని కళ్లకద్దుకుని ఒక గుక్క తాగి, ముఖాలు ఒకలా పెట్టి, మర్యాదకు మిగతాది కూడా తాగారు. మా అత్తకు ఆఖరి గ్లాసు నేనే తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని నోటి దాకా తీసుకుపోయింది. అంతలో పక్కన నిలబడిన ఒకామె మా మరిదిని అడిగింది. "అన్నా, మీరిందాక మాట్లాడుకుంటా ఉన్నది ఆ నీళ్ల ఓడ సీరియల్ సంగతేనా? నేనూ చూసినా." ఆదోని నుంచి వచ్చిందట, బ్యాంకులో పనిచేస్తుందట.

మా అత్త గ్లాసు దించేసింది. "యాడ చూసినావమ్మా? నెట్ పెట్టుకునే చూసినావా?"

"అవునమ్మా, ఫోన్లో."

"ఆఖరి దాకా చూసినావా?"

"లేదమ్మా. ఆ పిల్ల ఓడెక్కేటప్పుడు ముసలామె చేయి వదలదు చూడండి, ఆడ నాకు ఏడుపొచ్చి ఆపేసినా. మళ్ల పెట్టనే లేదు."

నా తమ్ముడు మరిది వైపు తిరిగి నోరు తెరిచాడు. మా అత్త ఒక చూపు చూసేసరికి మళ్లీ మూసుకున్నాడు. ఆమె ఆ ఆదోని మనిషి చేయి పట్టుకుని అంగడి అరుగు మీద కూర్చోబెట్టింది, తనూ పక్కన కూర్చుంది.

"ఏం భయపడొద్దు. ఆ పిల్ల ఇల్లు చేరుతాది, నేను మాట్లాడి వచ్చినా. నువ్వు ఇంటికి పోయి మిగిలింది చూడు. పేర్లు పడతాయి, అప్పుడు లేవొద్దు. వాళ్లకు వంట చేసినామె పేరు కూడా ఉంటాది."

"సరేనమ్మా, చూస్తా."

"ఈ రోజే చూడు," అని, అప్పటికి మీగడ కట్టి చల్లారిపోయిన కాఫీని మా అత్త ఒక్క గుక్కలో తాగేసింది. గ్లాసు నా చేతికిస్తూ, "కర్పూరం ఎక్కువైందే," అంది. "ఇంటికి పోతానే మంచి డికాషన్ తియ్యి."

తీశాను. నిదానంగా, ఆమె నేర్పినట్టే.